చెల్లి చేతి మీద నూనె కాలిన మచ్చ: లేజర్‌కి ముందు ప్రతిసారీ స్కాన్ అంటున్నారు, నిజంగా అవసరమా?

హిందూపురం_కుర్రోడు

అందరికీ నమస్తే. మాది హిందూపురం, ఉద్యోగం బెంగళూరులో, మారతహళ్ళిలో ఉంటాను. పోయిన దీపావళికి ఊళ్ళో అమ్మా చెల్లీ జంతికలు చేస్తుంటే గొట్టం చేజారి మూకుట్లో పడింది. కాగిన నూనె చెల్లి ఎడమ చేతి మీద చిందింది, మణికట్టు పైనుంచి ఇంచుమించు మోచేతి దాకా. బొబ్బలు చితికి పుండు మానడానికి ఐదు వారాలు పట్టింది. హమ్మయ్య మానింది అనుకున్న రెండు నెలలకు అసలు గొడవ మొదలైంది. చర్మం ఎర్రగా, గట్టిగా, తాడు పేనినట్టు లేచింది. రాత్రయితే ఒకటే దురద, నిద్రలో గీరుకుంటుందని అమ్మ చేతికి పాత నూలు చీర ముక్క చుట్టి పడుకోబెడుతోంది.

ఇప్పటికి పది నెలలు. మాఘంలో పెళ్ళి చేయాలని ఇంట్లో అనుకుంటున్నారు, అందుకని అమ్మకు మచ్చ కనపడకూడదు. చెల్లి మాత్రం "కనపడితే కనపడనీ అన్నా, ఈ దురద పోతే చాలు" అంటోంది.

గత శనివారం ఇక్కడ ఒక స్కిన్ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. డాక్టర్ మాట్లాడింది నాలుగు నిమిషాలు, కౌంటర్‌లో అమ్మాయి మాట్లాడింది నలభై నిమిషాలు. ఆరు సిట్టింగ్‌ల ప్యాకేజీ 66 వేలు, దాని మీద ప్రతి సిట్టింగ్‌కి ముందు స్కాన్ అట, ఒక్కోదానికి 3,500. "ఇమేజింగ్ గైడెడ్ లేజర్ సార్, లోపల చూసి కొడతాం" అని ల్యామినేషన్ చేసిన కాగితం చూపించింది. ఆ రోజే డబ్బు కడితే పదిహేను శాతం తగ్గిస్తారట. కట్టలేదు. ఆదివారం ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన మచ్చను రెండు వేళ్ళతో పట్టి చూసి, నొక్కి చూసి, "స్కానూ వద్దు గీనూ వద్దు, చేత్తో తెలిసిపోతుంది" అన్నారు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి? స్కాన్‌లకే 21 వేలు అవుతుంది. దానితో ఫలితం బాగుంటుందంటే ఎలాగో సర్దుతాను, ఊరికే షో అయితే మాత్రం వద్దు. ఫొటో పెట్టమనకండి, చెల్లి ఒప్పుకోలేదు.

బెల్లందూర్_గుంతలు

బ్రో, ముందు ఆ పదిహేను శాతానికి ఒక దండం పెట్టు. ఈరోజే కడితేనే తగ్గింపు అనేది ఫర్నిచర్ షాపులో చెల్లుతుంది, చర్మానికి కాదు.

నా కథ చెప్తా. నాది మొటిమల మచ్చలు, ముఖం నిండా గుంతలు (అందుకే ఆ పేరు, మా రోడ్డుకీ నాకూ ఇద్దరికీ సరిపోయింది). మూడేళ్ళ కింద నేనూ ఇలాంటి "స్కాన్" ప్యాకేజీ తీసుకున్నా. స్కాన్ అంటే ఏంటో తెలుసా? తెల్ల గుమ్మటం లాంటి డబ్బాలో గడ్డం ఆనించి కళ్ళు మూసుకోమంటారు, నాలుగైదు ఫ్లాష్‌లు పడతాయి, అంతే. తర్వాత కంప్యూటర్‌లో నా ముఖం ఒకసారి ఎర్రగా, ఒకసారి గోధుమ రంగులో, ఒకసారి నీలంగా కనిపించింది. పక్కన నంబర్లు, నీ వయసు వాళ్ళలో నీ ర్యాంకు ఇంత అని. ఎంసెట్ తర్వాత మళ్ళీ ర్యాంకు వచ్చింది నాకు అక్కడే. బాగా భయపడి ఆరు సిట్టింగ్‌లకీ కట్టేశా. ఆరుసార్లూ స్కాన్ తీశారు, ఆరుసార్లూ మిషన్ మీద అవే అంకెలు పెట్టారు. నేను చూశా కదా, మొద్దుబారే క్రీమ్ రాసుకుని గంట సేపు ఆ స్క్రీన్ పక్కనే కూర్చునేవాణ్ణి. నాలుగో సిట్టింగ్ తర్వాత వారానికే తిరుమల మెట్లెక్కా, ఎండలో. బుద్ధి లేదు. రెండు బుగ్గలూ పెనం అడుగులా నల్లబడ్డాయి, తగ్గడానికి ఐదు నెలలు.

తర్వాత వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ గదిలో లైటు తీసేసి పక్క నుంచి టార్చ్ కొట్టి చూసింది. బుగ్గను వేళ్ళతో సాగదీసింది. సాగదీస్తే మాయమయ్యేవి కింద పీచులు పట్టి లాగుతున్నవట, వాటిని సూదితో కింద నుంచి తెంపాలి, సబ్‌సిజన్ అంటారు. సాగదీసినా పోని సన్న లోతు గుంతలకు అగ్గిపుల్ల మొనతో ఆసిడ్ చుక్క పెట్టింది. లేజర్ ఆఖర్న రెండే సిట్టింగ్‌లు. టార్చ్ లైటుతో తెలిసింది ఆ డబ్బాకి తెలియలేదు. కాబట్టి నా ఓటు ఆ ఆదివారం డాక్టర్‌కే.

వెలుగు_చుట్టం

గుంతలు గారి అనుభవం నిజమే కానీ ఆయనకు తీసింది అసలు స్కానే కాదు, ఫొటో. ఈ గందరగోళం వల్లే ఇదంతా. నేను డాక్టర్‌ని కాదు, కంటి స్కాన్ యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం నాది, బెంగళూరులోనే. నాకు తెలిసిన ముక్క చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

డబ్బాలో తీసేది పైపై రంగును చూపించే కెమెరా. మామూలు లైటు, మెరుపు కొట్టకుండా వడకట్టిన లైటు, అతినీలలోహిత లైటు మార్చి మార్చి తీస్తుంది. ఎరుపు ఎంత, నలుపు ఎంత, సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ తేడా ఎంత అన్నది పోల్చుకోవడానికి మంచిదే. లోతు మాత్రం దానికి అంతుపట్టదు. చెరువు నీళ్ళను గట్టు మీద నుంచి ఫొటో తీసినట్టు.

లోతు చూసేవి వేరే ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే కంటి ఆసుపత్రిలో గడ్డం ఆనించి, లోపల దీపాన్ని చూడమని, రెటీనా పొరలు పొరలుగా ప్రింట్ ఇస్తారు చూడండి, బిల్లులో ఓసీటీ అని ఉంటుంది. 1991లో అమెరికాలో ఎంఐటీ వాళ్ళు మొదట చూపించిన పద్ధతి. అల్ట్రాసౌండ్‌లో శబ్దం వెళ్ళి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు కడతారు కదా, ఇక్కడ శబ్దానికి బదులు కాంతి. కాంతి మరీ వేగం కాబట్టి దాని సమయాన్ని నేరుగా కొలవలేం, వెనక్కొచ్చిన కాంతిని ఇంకో కాంతితో కలిపి, రెండూ ఎక్కడ కలిశాయో ఎక్కడ చెరిపేసుకున్నాయో చూసి లెక్క తీస్తారు. చర్మానికి సుమారు 1300 నానోమీటర్ల కాంతి వాడతారు, కంటికి కనపడదు, వేడి చేయదు. ఆ తరంగదైర్ఘ్యం దగ్గర మెలనిన్, అంటే చర్మానికి నలుపునిచ్చే రంగు పదార్థం, పెద్దగా అడ్డుపడదు, మన రంగు చర్మంలోనూ బాగానే కనిపిస్తుంది.

దాని బలం స్పష్టత, మిల్లీమీటర్‌లో నూరో వంతు కంటే చిన్నవి కూడా విడిగా కనపడతాయి. దాని బలహీనత లోతు. ఒకటిన్నర, మహా అయితే రెండు మిల్లీమీటర్లు, ఆ కింద అంతా పొగమంచే. ఇంకొకటి కాన్ఫోకల్ అని ఉంది, అది కణాలు కూడా చూపిస్తుంది గానీ మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా దిగదు, ఎక్కువగా పుట్టుమచ్చల్లో క్యాన్సర్ అనుమానం వచ్చినప్పుడు వాడతారు. అల్ట్రాసౌండ్ వీటికి పూర్తిగా ఎదురు, 20 మెగాహెర్ట్జ్ ప్రోబ్ పెడితే ఆరేడు మిల్లీమీటర్ల దాకా దిగుతుంది, బొమ్మ మాత్రం మొరటుగా వస్తుంది.

ఇప్పుడు మీ చెల్లెలి సంగతి. మీరు చెప్పినట్టు మచ్చ తాడులా లేచిందంటే దాని దళసరి రెండు మిల్లీమీటర్లు దాటే అవకాశం ఉంది. అలాంటప్పుడు ఓసీటీతో మచ్చ పైభాగం, అందులోని రక్తనాళాలు అద్భుతంగా కనపడతాయి, అడుగు ఎక్కడుందో కనపడదు. అడుగు తెలియాలంటే అల్ట్రాసౌండే. కాబట్టి ఆ క్లినిక్‌ని అడగాల్సిన మొదటి మాట, ఏ స్కాన్?

వృత్తి చాదస్తం ఇంకో ముక్క. ఏ ప్రోబ్ అయినా గట్టిగా నొక్కితే అబద్ధం చెప్తుంది. మెత్తటి మచ్చ సన్నబడుతుంది, రక్తనాళాల్లో రక్తం పక్కకు పోయి బొమ్మలో నాళాలే మాయమవుతాయి. మచ్చను వేలితో నొక్కితే ఎరుపు పోయి తెల్లబడి, వదలగానే మళ్ళీ ఎర్రబడుతుంది చూడండి, అదే. ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య జెల్ మందంగా వేసి తేలించినట్టు పట్టుకున్నారంటే ఆ మనిషికి పని తెలుసని అర్థం.

హిందూపురం_కుర్రోడు

వామ్మో, థాంక్స్ అన్నా. ఏ స్కాన్ అని అడగాలని నాకు తట్టనే లేదు. ఒక డౌట్, అడుగు ఎక్కడుందో తెలిస్తే లేజర్‌లో ఏం మారుతుంది? లోతుంటే గట్టిగా కొడతారా?

ఎర్ర_గోగుపువ్వు

చర్మవ్యాధుల విభాగంలో పీజీ పూర్తి చేసి ఇక్కడే ప్రాక్టీస్ చేస్తున్నాను. మనిషిని చూడకుండా వైద్యం చెప్పను, కానీ ఈ ప్రశ్న మంచి ప్రశ్న కాబట్టి దానికి జవాబు చెప్తాను.

మచ్చలకు ఇప్పుడు ఎక్కువగా వాడేది ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్. చర్మం మొత్తం కాల్చకుండా సన్న రంధ్రాలు వరసగా వేసి, మధ్యలో మంచి చర్మం వదిలేస్తుంది, ఆ వదిలిన చర్మం నుంచే గాయం తొందరగా మానుతుంది. ఈ ఆలోచన 2004లో వచ్చింది. మిషన్ మీద డాక్టర్ ముఖ్యంగా మార్చేవి రెండు, ఒకటి ఒక్కో రంధ్రానికి ఎంత శక్తి, అంటే ఎంత లోతు. రెండోది చదరపు సెంటీమీటర్‌కి ఎన్ని రంధ్రాలు, అంటే ఎంత ఒత్తుగా. మీరు "గట్టిగా" అన్నది ఈ రెండింటినీ కలిపేస్తోంది, అక్కడే ప్రమాదం. లోతు పెంచినప్పుడు ఒత్తు తగ్గించాలి. బాగా లోతుకు వెళ్ళే సిట్టింగ్‌లో సాధారణంగా చర్మంలో ఐదు శాతం లోపే తాకనిస్తాం. రెండూ పెంచితే మచ్చకు మచ్చ తోడవుతుంది. పైగా ఇది ముఖం కాదు, చెయ్యి. ముఖంలో వెంట్రుకల కుదుళ్ళు, నూనె గ్రంథులు ఎక్కువ, గాయం మానేది వాటి నుంచే. చేతిలో తక్కువ, కాలిన మచ్చలో అయితే దాదాపు ఉండవు. ముఖానికి వాడిన అంకెలు చేతికి వాడకూడదు.

దళసరి తెలిస్తే ఉపయోగం ఇదీ. మూడు మిల్లీమీటర్ల మచ్చలో అర మిల్లీమీటర్ రంధ్రాలు వేస్తే పై పెచ్చు మాత్రం నునుపవుతుంది, కింద గట్టిదనం, దురద అలాగే ఉంటాయి. అదే ఒకటిన్నర మిల్లీమీటర్ చోట మూడు మిల్లీమీటర్లకు వెళ్తే అనవసరంగా కొవ్వు పొరలోకి దిగుతాం. మీ చెల్లెలిది ఒకే చేతి మీద ఒకచోట దళసరి, ఒకచోట పల్చన అయి ఉంటుంది, నూనె చిందిన మచ్చలన్నీ దాదాపు అలాగే ఉంటాయి. అలాంటి చోట అడుగు తెలియడం పనికొస్తుంది.

అయితే వెలుగు గారూ, మీ ఉత్సాహానికి ఒక చెయ్యి అడ్డం పెడతాను. ఆదివారం డాక్టర్ వేళ్ళతో పట్టి చూడటం గాల్లో లెక్క కాదు. మచ్చను కొలిచే వాంకూవర్ స్కేల్ అని 1990 నుంచి ఉంది. ఎరుపు, రంగు, మెత్తదనం, ఎత్తు, ఈ నాలుగింటికీ మార్కులు వేస్తాం, అన్నీ చేత్తో, కంటితోనే. నొక్కితే తెల్లబడి ఎంత సేపటికి ఎర్రబడుతుందో చూస్తే రక్తనాళాల సంగతి చాలా వరకు తెలుస్తుంది. ఎర్రగా దురద పెడుతున్న మచ్చకు నాళాల మీద పనిచేసే 595 నానోమీటర్ల డై లేజర్ ఉంది, కానీ మన చర్మంలో మెలనిన్ కూడా ఆ కాంతిని తాగేస్తుంది, నల్లబడే అవకాశం ఎక్కువ, జాగ్రత్తగా వాడాలి. ఇవన్నీ తేల్చడానికి నాకు ప్రతిసారీ స్కాన్ అక్కర్లేదు.

స్కాన్ కంటే ముందు తేలాల్సింది ఇంకొకటుంది, అసలు ఇది కెలాయిడా, కాదా. మచ్చ గాయం గీత లోపలే లేస్తే హైపర్‌ట్రోఫిక్, గీత దాటి మంచి చర్మంలోకి పాకితే కెలాయిడ్. అమ్మనో నాన్ననో అడగండి, ఇంట్లో ఎవరికైనా చెవి కుట్టిన చోట, టీకా వేసిన భుజం మీద గుండ్రంగా ఉబ్బిందా అని. ఉంటే ఉత్త లేజర్ కొట్టించడానికి తొందరపడకండి. మూడు వారాల్లో మానని కాలిన గాయం ఇలా లేవడం మాత్రం మామూలే, మీది ఐదు వారాలు పట్టిందన్నారు కాబట్టి అటువైపే అనుకోవచ్చు, కానీ చూసినవాళ్ళే తేల్చాలి.

వెలుగు_చుట్టం

డాక్టర్ గారూ, చెయ్యి అడ్డం పెట్టినందుకు ఏమీ అనుకోను, కానీ ఒక్కటి. మిషన్ మీద రెండు మిల్లీమీటర్లు అని సెట్ చేస్తే మచ్చలో నిజంగా రెండే దిగుతుందా? ఒకే శక్తి మెత్తటి చర్మంలో ఒకలా, గట్టి మచ్చలో ఇంకోలా దిగొచ్చు కదా. లేజర్ కొట్టిన వెంటనే ఓసీటీ పెడితే రంధ్రాలు నల్లటి నిలువు గీతల్లా కనపడతాయి, ఎంత దిగాయో అక్కడే కొలవొచ్చు. చెయ్యి అంచనా ఎంత మంచిదైనా ఆ పని చేయలేదు.

ఎర్ర_గోగుపువ్వు

ఒప్పుకుంటాను. పరిశోధనలో అది చాలా విలువైన పని. ఓసీటీ అందే లోతులోనే అన్నది మీరే చెప్పారు, రెండు మిల్లీమీటర్లు దాటిన రంధ్రం అడుగు అక్కడా కనపడదు. పైగా కాసేపటికే రంధ్రాల్లోకి నీరూ రక్తమూ ఊరుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఆ మిషన్ ఖర్చు ఎవరి బిల్లులో వేయమంటారు?

అందుకే నా కొలత ఒకటే. స్కాన్ చూశాక డాక్టర్ మిషన్ మీద ఏదైనా అంకె మారుస్తాడా, లేదా? మారుస్తాడంటే డబ్బు పెట్టొచ్చు. ఏది వచ్చినా అదే సెట్టింగ్ అయితే అది ఫొటో ఆల్బమ్.

కొత్త_పెళ్ళికొడుకు_2

మధ్యలో దూరుతున్నా సారీ. నేను మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడి రెండు నెలల కిందే ఆపా. ఆరు నెలల దాకా లేజర్ దగ్గరికే రావద్దంటోంది మా క్లినిక్. నిజమేనా?

ఎర్ర_గోగుపువ్వు

ఆరు నెలలు ఆగాలనేది పాత లెక్క. 2017లో అమెరికా చర్మ నిపుణులు ఉన్న ఆధారాలన్నీ మళ్ళీ చూసి, ఫ్రాక్షనల్ లేజర్ లాంటివాటికి అంతలా ఆగాల్సిన అవసరం లేదన్నారు. చర్మం పై పొర మొత్తం తీసేసే పద్ధతులకు మాత్రం ఆ మాట వర్తించదు. మందు వాడిన సంగతి దాచకుండా చెప్పండి, డాక్టర్ ఆగమంటే కారణం అడగండి.

అత్తిబెలె_అమ్మ

బాబూ, మా వాడు నాలుగేళ్ళప్పుడు బకెట్‌లో వేణ్ణీళ్ళు మీద పోసుకున్నాడు. విక్టోరియా ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో ఉన్నాం. లేజర్ సంగతి తర్వాత, ముందు సిలికాన్ షీటు, బిగుతు తొడుగు వాడారా మీరు? ఎవరూ చెప్పలేదా? సిలికాన్ షీటు రోజుకు పన్నెండు గంటలకు తక్కువ కాకుండా, నెలల తరబడి వేయాలి. షీటు కింద చెమట పట్టి పొక్కులు వస్తాయి, రోజూ కడిగి ఆరబెట్టి మళ్ళీ అంటించాలి. తొడుగు కొలత ఇచ్చి కుట్టించాలి, షాపులో దొరికే క్రికెట్ స్లీవ్ కాదు. మా వాడికి దురద సగం దానికే తగ్గింది. కొబ్బరినూనె రాసి మెల్లగా వత్తుతూ ఉండండి, చర్మం ఎండిపోతే దురద ఇంకా ఎక్కువవుతుంది. పెళ్ళికి మచ్చ పోతుందని మాత్రం పాపకు ఆశ పెట్టకండి. తగ్గుతుంది, మెత్తబడుతుంది. పోదు.

బెల్లందూర్_గుంతలు

అమ్మ చెప్పింది కరెక్ట్. నా ముఖం కూడా ఇప్పుడు వైట్ టాపింగ్ అయిన (పాత రోడ్డు మీదే కాంక్రీటు పొర వేసిన) రోడ్డు లాగా ఉంది, కొత్త రోడ్డు లాగా కాదు.

హిందూపురం_కుర్రోడు

అప్‌డేట్ పెడతానని చెప్పి మూడు వారాలు మాయమయ్యా, ఆఫీసులో రిలీజ్.

మొదట పాత క్లినిక్‌కి ఫోన్ చేసి, ఏ స్కాన్, అది చూసి ఏం మారుస్తారు అని అడిగా. కౌంటర్ అమ్మాయి "ఫుల్ స్కిన్ అనాలిసిస్ సార్" అంది. లోతు ఎంతో చూపిస్తుందా అంటే "అన్నీ చూపిస్తుంది సార్". డాక్టర్‌కి ఇవ్వమన్నా. పాపం డాక్టర్ నిజాయితీగానే చెప్పారు, అది ముఖం కోసం పెట్టిన కెమెరా, చేతిని అందులో అడ్డంగా పెట్టి తీస్తాం, రికార్డుకి అని. అడ్డంగా! గుంతలన్నా, అదే నీ తెల్ల గుమ్మటం.

తర్వాత ఆదివారం డాక్టర్ దగ్గరికే వెళ్ళాం. ఇక్కడ చదివిందంతా పూసగుచ్చినట్టు చెప్పి, ఒక్కసారి అల్ట్రాసౌండ్ తీయిస్తే తప్పా అని అడిగా. కాస్త చిరాకు పడ్డారు, మళ్ళీ ఆయనే నవ్వి పెన్నుతో మచ్చ మీద నాలుగు చోట్ల గుర్తులు పెట్టి, ఇక్కడిక్కడ కొలిచి రమ్మనండి అని చీటీ రాశారు. మామూలు స్కానింగ్ సెంటర్‌లోనే, థైరాయిడ్ చూసే సన్న ప్రోబ్‌తో, 18 మెగాహెర్ట్జ్ అట. 1,400 అయింది. తీసిన ఆవిడ జెల్ గడ్డపెరుగులా మందంగా వేసి, ప్రోబ్ ఆనీ ఆననట్టు పట్టుకుంది. వెలుగన్నా, నువ్వే గుర్తొచ్చావ్. నొక్కొద్దు మేడమ్ అని నేను అనబోతుంటే చెల్లి నా కాలు తొక్కింది.

కుడి చేతిలో అదే చోట మంచి చర్మం 1.4 మిల్లీమీటర్లు. మచ్చలో మూడు గుర్తుల దగ్గర రెండుకు అటూ ఇటూ. మణికట్టు వైపు గుర్తు దగ్గర మాత్రం 3.6! బయటికి చూస్తే అదేమంత ఎత్తుగా లేదు, మోచేతి వైపుదే ఎత్తుగా కనపడుతుంది, అందరం అదే దళసరి అనుకున్నాం. డాక్టర్ ఫిల్మ్ చూసి రెండు వేళ్ళతో మళ్ళీ అక్కడే పట్టి చూసి, "హ్మ్" అన్నారు. అంతే అన్నారు, ఎక్కువ ఆశించకండి.

కానీ ప్లాన్ మారింది. మణికట్టు దగ్గర ముందు ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, నెలకోసారి, రెండు మూడు చూసి అప్పుడు అక్కడ లోతు లేజర్. మిగతా చోట తక్కువ లోతు, తక్కువ ఒత్తు. అన్నిటికంటే ముందు మోచేతి వైపు రూపాయి బిళ్ళంత చోట ఒక్కసారి కొట్టి, ఆరు వారాలు ఆగి, నల్లబడుతుందా లేదా చూసి అప్పుడు మిగతాది. ప్యాకేజీ లేదు, ఏ రోజు డబ్బు ఆ రోజే. కెలాయిడ్ కాదన్నారు, మా నాయనమ్మ చెవి తమ్మె ఫొటో కూడా చూపించా, అందరికీ మామూలుగానే ఉన్నాయి. సిలికాన్ షీటు తెప్పించాం, అత్తిబెలె అమ్మగారికి చెల్లి ప్రత్యేకంగా థాంక్స్ చెప్పమంది. మాఘం ముహూర్తానికి పొడుగు చేతుల జాకెట్టు కుట్టిద్దాంలే అని అమ్మే అంది చివరికి.

ఎర్ర_గోగుపువ్వు

ఇంజెక్షన్ వేసేటప్పుడు బాగా నొప్పి ఉంటుంది, గట్టి మచ్చలోకి మందు ఎక్కదు, ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఎక్కువైతే ఆ చోట చర్మం పల్చబడి తెల్లబడొచ్చు, అందుకే నెల గ్యాప్. మణికట్టు దగ్గర వేళ్ళు పూర్తిగా వెనక్కి వంగుతున్నాయా లేదా ప్రతి నెలా చూడమనండి, అక్కడ మచ్చ బిగుసుకుంటే ఫిజియోథెరపీ కావాలి. కంటికి ఎత్తుగా కనపడని చోట 3.6 వచ్చిందంటే, మచ్చ పైకి కాకుండా కిందికి పెరిగింది. నేనైనా చేత్తో చూసి రెండున్నర అనేదాన్నేమో. వెలుగు గారు ఇది చదివి మురిసిపోతారని తెలుసు.

వెలుగు_చుట్టం

స్క్రీన్‌షాట్ తీసుకున్నా మేడమ్.

హిందూపురం_కుర్రోడు

టెస్ట్ స్పాట్ నిన్న అయింది. ఒక గంట క్రీమ్ రాసి పైన ప్లాస్టిక్ చుట్టారు, కొట్టింది పది సెకన్లు కూడా లేదు. వెంట్రుక కాలిన వాసన వచ్చిందంది చెల్లి. ఇప్పుడు అక్కడ చీమలు కుట్టినట్టు వరసగా చుక్కలు, చుట్టూ ఎరుపు. వ్యాజలిన్ రాస్తున్నాం. ఒకటే అడగాలి, రేపు తను హిందూపురం బస్సెక్కాలి, కిటికీ పక్కన కూర్చుంటుంది. ఇక్కడ చల్లగా మబ్బుగానే ఉంది, అయినా చేతికి ఏమైనా చుట్టాలా?

బెల్లందూర్_గుంతలు

చుట్టు బ్రో!! చల్లగా ఉందని ఎండ లేదనుకోవద్దు, ఈ ఊరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది, మబ్బులోంచి కూడా అతినీలలోహితం దిగుతుంది. వదులు నూలు చొక్కా, పొడుగు చేతులది. కుడివైపు సీటు తీసుకోమను, కిటికీ పక్కన కాదు, నడవ పక్కన. ఎడమ చెయ్యి కదా.

హిందూపురం_కుర్రోడు

కుడివైపు నడవ పక్కన అంటే ఎడమ చెయ్యి నడవలో ఉంటుంది, కండక్టర్ రాసుకుంటూ పోతాడు కదన్నా.

అత్తిబెలె_అమ్మ

రైలుకు పంపు నాయనా.